నాలుగు మిల్లీమీటర్లు

ముందుగా వంట పుస్తకం.
చెప్పులు విప్పి, గోడకి వీపు ఆనించి,
ఆ లావుపాటి పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి నొక్కిపట్టి
దాని వెన్ను తగిలినచోట పెన్సిల్ గీత.
డెబ్బై ఆరున్నర సెంటీమీటర్లు.
నలభై తొమ్మిదేళ్ళు నన్ను మోసిన కాళ్ళ పొడవు
నాకు మొదటిసారి తెలిసింది.

కొలవకుండా కొన్నది ఒకటుండేది మునుపు.
ప్లిమత్‌లో, నల్లగా, నిగనిగలాడుతూ,
నిలబడ్డచోటే పరుగెత్తుతున్నట్టున్న టైమ్ ట్రయల్ సైకిల్.
"కొన్నాళ్ళకి అలవాటైపోతుంది" అన్నాడు అమ్మినవాడు.
కాలేదు.
మోచేతులు ముందుకు చాస్తే చాస్తూనే ఉండాలి,
పై అరలో డబ్బా అందనిదానిలా.
సీటు అంచుకి జారి జారి, ఎనిమిదో మైలుకి
చిటికెన వేళ్ళు నావి కాకుండా పోయేవి.
సోమవారం బస్సు స్టీరింగ్ పట్టుకుంటే
ట్రూరో నుంచి ఫాల్మత్ దాకా భుజాలు సణిగేవి.
చెప్పు కరిస్తే కాలు కోసుకుంటామా?
నేను రెండేళ్ళు కోసుకున్నాను.
ఆఖరికి సగం ధరకి
నాకంటే జానెడు పొడుగున్న కుర్రాడికి ఇచ్చేశాను.
వాడి కింద అది వెంటనే నోరు మూసుకుంది.

ఈసారి ఫోన్ చేస్తే
డెన్జిల్ ట్రెవాస్కిస్ ధర చెప్పలేదు.
"కాలి లోపలి కొలత ఎంత?"
చెప్పాను. అవతల కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు.
"మోచేతి నుంచి పిడికిలి దాకా?"
అది కొలవలేదన్నాను.
"కొలిచి మళ్ళీ చెయ్యి" అని పెట్టేశాడు.

రెడ్రూత్‌లో వాన. సన్నగా, తెగకుండా.
గ్యారేజీలో పెయింట్ డబ్బాలు, ఒక ఉల్లిపాయల జడ,
పాత దుప్పటి కప్పుకుని అది.
పదిహేనేళ్ళది. బూడిద రంగు.
పైగొట్టం మీద చెమట తినేసిన మచ్చలు.
చూడగానే మనసు పారేసుకునే రూపం కాదు.
ముందటి ఆదివారం ఎవరో ఆరడుగులవాడు
జేబునిండా నోట్లతో వచ్చాడట. పొమ్మన్నాడట.
"హ్యాండిల్ గొట్టం నా ఒంటికి తగ్గట్టు కోయించాను.
కోసింది మళ్ళీ మొలవదు కదా.
వాడి నడుము విరగ్గొట్టి డబ్బు పుచ్చుకోనా?"

వెనక చక్రాన్ని స్టాండుకి బిగించి ఎక్కమన్నాడు.
దారానికి ఒక నట్టు కట్టి
నా మోకాలి పక్కన వేలాడదీసి
ఒక కన్ను మూసి చూశాడు.
తొక్కు, అన్నాడు. ఆగు, అన్నాడు. తొక్కు.
లవ్డే టీ కప్పులతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది,
కొలతలు తీసేటప్పుడు మాట్లాడకూడదన్నట్టు.
సీటు గొట్టం మీద ఎర్రటి గీత.
"నా గోళ్ళ రంగు" అందామె. "ఇప్పుడు ఆ రంగు దొరకడం లేదు."
ఆ గీతకి నాలుగు మిల్లీమీటర్లు పైకి లేపాడు సీటుని.
అంతే.

చేతులు నేను చాపలేదు, అవే వెళ్ళి
మెత్తల మీద వాలాయి.
నడుము ఏమీ అనలేదు.
మెడ ఏమీ అనలేదు.
కారే పంపు హఠాత్తుగా ఆగిపోతే
అర్ధరాత్రి ఆ నిశ్శబ్దానికి మెలకువ వస్తుందే,
అలా ఉలిక్కిపడ్డాను.

"ఎందుకు అమ్మేస్తున్నారు?"
తల ఎత్తబోయాడు.
సగం దాకా లేచి ఆగింది,
తుప్పు పట్టిన కిటికీ రెక్కలా.
"ఆ వంపులో నాకు ముందు చక్రం తప్ప ఏమీ కనపడదు.
రోడ్డు చూడకుండా ఎంత దూరం తొక్కను?"
సైకిల్ కొలతలు అలాగే ఉన్నాయి.
మారినవి అతనివి.

నేను బేరమాడలేదు.
ఇరవై పౌండ్లు తగ్గించేవాడేనని
లవ్డే తర్వాతెప్పుడో చెప్పింది.

మే నెల. పొద్దున్న ఆరున్నర. రోడ్డు పక్క తడి గడ్డి.
వీపు మీద పిన్నులతో గుచ్చిన నెంబరు.
రేసులో బయల్దేరేవాళ్ళు పడిపోకుండా
వెనక పట్టుకుని నిలబెట్టే పని ఇప్పుడు డెన్జిల్‌ది.
రెండు పాదాలూ పెడల్స్‌కి బిగించేశాను.
పడితే అతని మీదే పడాలి.
సీటు కింద అతని వేళ్ళు తడుముకోవడం తెలిసింది.
పాత ఎత్తు దగ్గరికి వెళ్ళి,
నాలుగు మిల్లీమీటర్లు వెతుక్కుని,
పట్టు దొరకబుచ్చుకుని.
"ఐదు" అన్నాడు గడియారం పట్టుకున్నాయన.
నాలుగు. మూడు.
"రోడ్డు చూసుకో" అన్నాడు డెన్జిల్ నా వెనక.
తోయలేదు, రూలు ఒప్పుకోదు.
వదిలాడు.